జేబులో చెయ్యి కాదు, చేతిలో గ్రిప్ చూడండి

[స్క్రీన్ మీద: పారిస్ ఒలింపిక్స్, 2024 జులై 30. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మిక్స్‌డ్ టీమ్]

ఈ ఫోటో మీ ఫోన్‌కి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. టర్కీ షూటర్ యూసుఫ్ డికెచ్. టీషర్టు, మామూలు కళ్ళజోడు, ఎడమ చెయ్యి జేబులో. పక్కన ఇంకో షూటర్ ఫోటో పెడతారు, కంటి ముందు లెన్సు, ఇంకో కంటికి అడ్డుగా షట్టర్, అన్నీ ఉంటాయి. కింద ఒకటే మాట: "ఈ సామానంతా షో. టాలెంట్ ఉంటే ఏదీ అక్కర్లేదు."

ఈ మాట కనిపించినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే కొత్తగా షూటింగ్‌లోకి వచ్చినవాళ్ళు దీన్ని నిజంగా నమ్ముతున్నారు. పిస్టల్ డబ్బాలోంచి ఎలా వచ్చిందో అలాగే పట్టుకుని నెలల తరబడి ప్రాక్టీస్ చేస్తారు, స్కోరు పెరగకపోతే "నాకు ఏకాగ్రత లేదు" అని తమను తామే తిట్టుకుంటారు.

ముందు ఆ జేబు సంగతి. అది స్టైల్ కాదండీ. ఎయిర్ పిస్టల్ ఒంటి చేత్తో కాల్చాలి. రెండో చెయ్యి గాల్లో ఊగితే ఒళ్ళంతా ఊగుతుంది. అందుకే ఎవరైనా సరే దాన్ని జేబులోనో, బెల్టులోనో పెట్టి కదలకుండా ఉంచుతారు. ఇక ఆయన కొత్తవాడూ కాదు. 2008 బీజింగ్ నుంచి ఆడుతున్నాడు, పారిస్ ఆయనకి ఐదో ఒలింపిక్స్. మరి "ఏ సామానూ లేదు" అన్న మాట? ఫోటోని జూమ్ చేసి చేతిలో ఉన్నది చూడండి. అది పోటీల కోసమే తయారైన పిస్టల్. ఆ గ్రిప్, అంటే పట్టుకునే పిడి, చేతికి అచ్చు పోసినట్టు కూర్చుంది. అందరూ కంటి దగ్గర ఏం లేదో చూశారు, చేతిలో ఏముందో చూడలేదు.

[క్లోజప్: చెక్క గ్రిప్, వేళ్ళ గాడులు, అరచేతి కింద పలక]

కళ్ళజోడు సంగతి ఒక్కసారి ఆలోచించండి. బయటివాళ్ళకి కనిపించేది ఫ్రేమ్. మనకి పనికొచ్చేది పవర్. ఫ్రేమ్ ఎంత ఖరీదైనా పవర్ వేరేవాళ్ళదైతే తలనొప్పి తప్పదు. పిస్టల్ కంపెనీ పేరు ఫ్రేమ్ లాంటిది. గ్రిప్ పవర్ లాంటిది. స్టయర్, మోరిని, వాల్తర్, పార్దీని, ఫైన్‌వెర్క్‌బావ్ — వీటి మ్యాచ్ పిస్టళ్ళలో ఏది తీసుకున్నా, కదలకుండా బిగించి కాలిస్తే పెల్లెట్లు (చిన్న గుళ్ళు) దాదాపు ఒకే రంధ్రంలో పడతాయి. పిస్టల్ తప్పు కొట్టదు. అది మీ చేతిలో ఎలా కూర్చుందన్నదే అసలు లెక్క.

ఎంత తేడా వస్తుందో చూద్దాం. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు. ఒక వలయం నుంచి పక్క వలయానికి 8 మిల్లీమీటర్లు. ఇప్పుడు మీ చెయ్యి అలాగే, కోణం మారకుండా 3 మిల్లీమీటర్లు పక్కకి జరిగిందనుకోండి. పెల్లెట్ కూడా 3 మిల్లీమీటర్లే జరుగుతుంది, ఏం పరవాలేదు. కానీ మణికట్టు కాస్త తిరిగి, రియర్ సైట్ (పిస్టల్ వెనక ఉండే గురి పలక) గాడిలో ఫ్రంట్ సైట్ (ముందు చివర ఉండే గురి ముక్క) పావు మిల్లీమీటరు పక్కకి పోయిందనుకోండి. రెండు సైట్ల మధ్య దూరం సుమారు 330 మిల్లీమీటర్లు, టార్గెట్ 10 మీటర్ల దూరంలో ఉంది. అంటే ఆ తప్పు దాదాపు 30 రెట్లు పెరుగుతుంది. పావు మిల్లీమీటరుకి ఒక వలయం పోయినట్టే! చెయ్యి వణుకుతోందని బెంగపడేవాళ్ళు ఈ లెక్క రాసిపెట్టుకోండి. వణుకు కంటే మణికట్టు మెలిక చాలా ప్రమాదం.

ఆ మెలికని ఆపేది గ్రిప్పే. మీ గ్రిప్ సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. పిస్టల్‌లో పెల్లెట్ లేదని కళ్ళారా చూసుకోండి. ఖాళీ గోడకి ఎదురుగా, మీరు మామూలుగా నిలబడే తీరులోనే నిలబడండి. కళ్ళు మూసుకుని పిస్టల్ ఎత్తండి. చెయ్యి కుదురుకున్నాక కళ్ళు తెరవండి. మణికట్టు కదిలించకుండా సైట్లు చూడండి. ఫ్రంట్ సైట్ గాడి మధ్యలో, రెండు పక్కలా సమానమైన వెలుతురుతో, పైఅంచులు ఒకే గీతలో ఉంటే మీ అదృష్టం. పక్కకి కనిపిస్తే గ్రిప్ చేతిలో తిరగాలి. పైకో, కిందికో ఉంటే గ్రిప్ వాలు మారాలి. ఒక్కసారి చూసి తేల్చకండి, దింపి మళ్ళీ మళ్ళీ ఎత్తండి. ప్రతిసారీ ఒకే వైపుకి పోతుంటే అది గ్రిప్ చెబుతున్న మాట.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రియర్ సైట్ క్లిక్కులు, అంటే సైట్‌ని జరిపే స్క్రూలు, తిప్పేస్తారు. క్లిక్కులు తిప్పితే పెల్లెట్లు పడే చోటు మారుతుంది, అంతే. మెలి తిరిగిన మణికట్టు మెలి తిరిగే ఉంటుంది. మొదటి పది షాట్లలో దాన్ని బలవంతంగా సరిచేసుకుంటారు. మ్యాచ్‌లో 60 షాట్లు, 75 నిమిషాలు. అలసట వచ్చేసరికి చెయ్యి తన దారికి తాను పోతుంది.

సరిచేయడం ఎలా? మళ్ళీ కళ్ళజోడు దగ్గరికే వద్దాం. పవర్ చూసేటప్పుడు ఒకేసారి పెద్ద అద్దం పెట్టరు. "ఇది బాగుందా, అది బాగుందా" అని కొంచెం కొంచెం మారుస్తారు. గ్రిప్ కూడా అంతే. ఇప్పటి పిస్టళ్ళలో చాలావాటికి గ్రిప్ కోణం స్క్రూలతో మారుతుంది, ముందు ఆ పని చేయండి. అది చాలకపోతేనే ఆకురాయి పట్టండి. ఒత్తుకుంటున్న చోట రెండు మూడు సార్లు అరగదీయడం, పట్టుకుని చూడటం. ఖాళీగా ఉన్నచోట చెక్క పుట్టీ పల్చగా పెట్టి, పట్టుకుని అచ్చు తీసి, ఆరాక సాపు చేయడం. చెక్క తీస్తే తిరిగి రాదు, ఓపిక పట్టండి.

రెండు చోట్లు ప్రత్యేకంగా చూడండి. ఒకటి, చూపుడు వేలి పక్కన ఉన్న చెక్క. ట్రిగ్గర్ నొక్కేటప్పుడు వేలు దానికి అసలు తగలకూడదు. తగిలితే వేలు కదిలినప్పుడల్లా పిస్టల్‌ని పక్కకి తోస్తుంది. ఆ మధ్యలో సన్నటి వెలుతురు కనిపించేదాకా చెక్కని అరగదీయండి. రెండోది, అరచేతి కింద పలక. బిగుతుగా ఉంటే బాగుంటుందని చెయ్యి నలిగేలా బిగిస్తారు. వద్దు. చెయ్యి సులువుగా లోపలికి జారాలి, కూర్చున్నాక కదలకూడదు. ఇంకో సంగతి, నియమాల ప్రకారం మణికట్టుకి ఏ ఊతమూ ఉండకూడదు. పిస్టల్ పట్టే చేతికి గడియారం కూడా పనికిరాదు.

ఒకరికి చెక్కిన గ్రిప్ ఇంకొకరికి ఎందుకు కుదరదో ఈపాటికి అర్థమై ఉంటుంది. మెడల్ కొట్టినవాళ్ళ గ్రిప్ కాపీ చేయడమంటే, చదువులో ఫస్టు వచ్చినవాడి కళ్ళజోడు అడిగి పెట్టుకోవడమే.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

ట్రిగ్గర్. బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి. సరిగ్గా 500 దగ్గర పెట్టకండి, కొంచెం ఎక్కువ ఉంచండి, చెకింగ్‌లో టెన్షన్ ఉండదు. గ్రిప్ పని అయ్యాకే ట్రిగ్గర్ ముందుకీ వెనక్కీ జరుపుకోండి. ముందే జరిపితే మళ్ళీ చేయాల్సి వస్తుంది.

బరువు. నియమం 1,500 గ్రాముల వరకూ ఒప్పుకుంటుంది. ముందు భాగంలో బరువులు వేస్తే కదలిక తగ్గినట్టు అనిపిస్తుంది, కానీ యాభయ్యో షాట్‌కి భుజం ఏమంటుందో చూసి నిర్ణయించుకోండి.

షట్టర్. గురి చూడని కన్ను బిగించి మూస్తే రెండో కన్నూ అలసిపోతుంది. గురి చూడని కన్నుని తెరిచే ఉంచడానికి ఆ అడ్డు. డికెచ్ రెండు కళ్ళూ తెరిచి కాలుస్తాడు, ఆయనకి అది అక్కర్లేకపోయింది. మీకు కావాలేమో. లెన్సు పవర్ మాత్రం ఫ్రంట్ సైట్ స్పష్టంగా కనిపించేలా ఉండాలి. టార్గెట్ మసకగా ఉంటుంది, ఉండనివ్వండి.

బూట్లు. అడుగు చదునుగా ఉండాలి, చీలమండ కప్పకూడదు. పెల్లెట్లు రెండు మూడు రకాలు తెచ్చి, పిస్టల్‌ని బిగించి కాల్చి చూసి, ఒకదానికే కట్టుబడండి.

సెకండ్‌హ్యాండ్ పిస్టల్ కొంటుంటే గాలి సిలిండర్ మీద ముద్రించిన తేదీ చూడండి, దానికి గడువు ఉంటుంది. ఆ మోడల్‌కి స్పేర్ పార్టులు దొరుకుతాయా, రిపేరు చేసేవాళ్ళు ఉన్నారా అన్నది కొనే ముందే కనుక్కోండి. టోక్యో ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ క్వాలిఫికేషన్ మధ్యలో మను భాకర్ పిస్టల్ మొరాయించింది. దాన్ని బాగుచేయించుకునేసరికి విలువైన నిమిషాలు పోయాయి, 575 స్కోరుతో 12వ స్థానంలో ఆగిపోయింది. పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం గెలిచింది. ఆ స్థాయి షూటర్‌కే అలా జరిగిందంటే, మన కిట్‌లో సీళ్ళు, స్క్రూలు, అలెన్ కీలు ఉండి తీరాలి.

25 మీటర్ల పిస్టల్ గురించి చాలామంది అడుగుతున్నారు. అక్కడ ట్రిగ్గరే కనీసం 1,000 గ్రాములు, దెబ్బ వెనక్కి తంతుంది, గ్రిప్ పట్టు కూడా వేరు. అది ఇంకో వీడియోలో చేస్తాను. ఈలోగా గోడ ముందు నిలబడి కళ్ళు మూసుకుని చూసుకోండి, మీ ఫ్రంట్ సైట్ ఏ వైపుకి పోతోందో కామెంట్‌లో రాయండి.