ఎడిసన్ నుంచి డాలస్‌కి: నాలుగు రోజులు, ఒక అద్దె కారు, వెనక సీట్లో అత్తయ్య

హాయ్ అండీ. వెనకాల సూట్‌కేసులు చూసి ఇల్లు మారిపోయామనుకునేరు, ఇంకా లేదు. ఇది ప్లేనోలో హోటల్ గది. మా ఆయన ఉద్యోగం జనవరి నుంచి ఇక్కడికి మారుతోంది. పదకొండేళ్ళు న్యూజెర్సీలో, ఎడిసన్‌లో ఉన్నాం. ఇంట్లోంచి బయటికొచ్చి పది నిమిషాలు నడిస్తే ఓక్ ట్రీ రోడ్డు, కావాల్సినన్ని కొట్లు. ఆ అలవాటు మీద డాలస్‌లో చోటు వెతకడానికి బయల్దేరాం.

"డాలస్‌పురం" అని మనవాళ్ళు సరదాగా అంటారు కదా. తీరా చూస్తే నాకు తెలిసినవాళ్ళలో అసలు డాలస్ ఊళ్ళో ఉండేవాళ్ళు ఒక్కరూ లేరు. ఎవరినడిగినా చుట్టుపక్కల ఊళ్ళే, ఇర్వింగ్, కొప్పెల్, ప్లేనో, ఆలెన్, మెకిన్నీ, ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా. ఎవరున్న ఊరు వాళ్ళకి బంగారం. మా వాట్సాప్ గ్రూపులో ఒక్క ప్రశ్న వేస్తే నలభై జవాబులొచ్చాయి, ఏ రెండూ కలవలేదు. సరే, కళ్ళతో చూద్దామని టికెట్లు కొన్నాం.

ఆగస్టులో ఎందుకొచ్చారు, మాడిపోవడానికా అని ఇక్కడున్న ఫ్రెండ్ తిట్టింది. కావాలనే వచ్చాం. న్యూజెర్సీలో బళ్ళు సెప్టెంబరులో గానీ తెరవరు, టెక్సస్‌లో ఆగస్టు మధ్యకే మొదలైపోతాయి. మా పాపకి సెలవులు, ఇక్కడ బళ్ళు నడుస్తున్నాయి. బడి వదిలే టైముకి వీధి ఎలా ఉంటుందో ఇప్పుడైతేనే తెలుస్తుంది. ఇక ఎండ. ఫిబ్రవరిలో వస్తే డాలస్ ఎవరికైనా నచ్చుతుంది. నచ్చకపోవడానికి కారణాలేంటో చూడాలంటే 104 డిగ్రీల్లో రావాలి. మన లెక్కలో 40. మాకు కొత్తేం కాదు గానీ, అమెరికా వచ్చాక మర్చిపోయాం.

మొదటి రోజు ఇర్వింగ్. వ్యాలీ రాంచ్ వైపు వెళ్ళాం. 80లు, 90ల్లో కట్టిన ఇళ్ళు, పెద్ద చెట్లు, మధ్యలో కాలవలు. ఇక్కడో సరదా సంగతి. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ టీమ్ ఆఫీసు 1985 నుంచి 2016 దాకా ఇక్కడే ఉండేది. 2016లో ఫ్రిస్కోకి మారిపోయారు. మనవాళ్ళూ అంతే, ముందు ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంటు, పిల్లలు పుట్టాక ఉత్తరానికి ప్రయాణం. ఆ టీమ్ మనవాళ్ళని చూసి నేర్చుకుందని మా ఆయన థియరీ.

ఇర్వింగ్‌లో నాకు నచ్చింది నడక. కొన్ని అపార్ట్‌మెంట్ల నుంచి మెకార్థర్ బులవార్డ్ మీద ఇండియన్ కొట్టుకి నడిచి వెళ్ళొచ్చు. అత్తయ్య వెళ్ళొచ్చింది కూడా, కరివేపాకు కట్ట పట్టుకుని. హోటల్లో ఏం చేసుకుంటారత్తయ్యా అంటే, "ఊరికే కొన్నాలేవే, వాసన చూద్దామని" అంది. డార్ట్ అని డాలస్ చుట్టుపక్కల రైళ్ళు, బస్సులు నడిపే సంస్థ ఉంది, వాళ్ళ ఆరెంజ్ లైన్ రైలు కూడా ఇర్వింగ్ మీదుగా ఎయిర్‌పోర్టు దాకా పోతుంది. నచ్చనిది విమానాలు. డీఎఫ్‌డబ్ల్యూ, అంటే డాలస్-ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్టు పక్కనే కదా, గంటలో పదకొండు లెక్కపెట్టింది మా పాప. ఇంకోటి, మర్నాడు పొద్దున ఎనిమిదింటికి ఇక్కడి నుంచి మా ఆయన కొత్త ఆఫీసు దాకా నడిపి చూశాం. నలభై ఎనిమిది నిమిషాలు. మ్యాప్‌లో ఆదివారం చూస్తే ఇరవై రెండు చూపించింది. మీరు కూడా ఇల్లు చూడ్డానికి వస్తే ఒక్క పొద్దున్న ఈ పని చేయండి, ఆదివారం ట్రాఫిక్‌ని నమ్మకండి.

తర్వాత ఫ్రిస్కో. 2000 జనాభా లెక్కల్లో 33,714 మంది ఉన్న ఊరు, 2020కి 2,00,509 అయింది. ఇరవై ఏళ్ళలో! రోడ్లన్నీ కొత్తగా, వెడల్పుగా, ఒకదాన్ని చూస్తే ఇంకోటి చూసినట్టే. ఇళ్ళూ అంతే. నాలుగో కాలనీకి వచ్చేసరికి పొద్దున చూసిందే మళ్ళీ చూస్తున్నామా అని అనుమానం. కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్ళి దండం పెట్టుకుని, పులిహోర తిని మళ్ళీ మొదలుపెట్టాం.

ఇక్కడ నేను బొక్కబోర్లా పడబోయిన విషయం ఒకటి చెప్పాలి. ఒక అద్దె ఇల్లు భలే నచ్చింది. అడ్రస్ ఫ్రిస్కో. ఫ్రిస్కో కాబట్టి ఫ్రిస్కో ఐఎస్‌డీ, అంటే ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ బడి అనుకుని పాపకి కూడా చెప్పేశాను. కాదట! ఫ్రిస్కో ఊళ్ళోనే కొంత భాగం ప్రాస్పర్ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది, కొంత లూయిస్‌విల్, కొంత లిటిల్ ఎల్మ్. అటు ప్లేనోలో, మెకిన్నీలో కొన్ని ఇళ్ళేమో ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి వస్తాయి. వ్యాలీ రాంచ్ ఇర్వింగ్‌లో ఉన్నా చాలా ఇళ్ళకి బడి కొప్పెల్‌ది. పైగా ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీ, సగం డెంటన్ కౌంటీ. మన దగ్గర ఊరొకటి, పంచాయతీ ఒకటి, మండలం ఒకటి అయినట్టు. డిస్ట్రిక్ట్ కలిసినా ఏ బడి అనేది మళ్ళీ వీధిని బట్టి. కొత్త బడి కట్టినప్పుడల్లా ఆ గీతలు జరుపుతుంటారు. అందుకే ఊరి పేరు వదిలేసి, ఇంటి నంబరుతో సహా స్కూల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడటం మొదలుపెట్టాం.

కొనే ఆలోచన ఇప్పుడే లేదు గానీ, 380 రోడ్డు దాటి కొత్త కాలనీల మోడల్ హోమ్స్ చూశాం. లోపల ఏసీ చల్లగా, కుకీలు వేడిగా. సేల్స్ అమ్మాయి చాలా మంచిగా మాట్లాడింది. కిందటేడు పన్ను కాగితం చూపిస్తే మా ఆయన కళ్ళు మెరిశాయి, అంత తక్కువ. తర్వాత తెలిసింది, కిందటేడు అక్కడ ఇల్లు లేదు, ఖాళీ స్థలం. అది స్థలానికి పన్ను! ఇల్లు లేచాక అసలు లెక్క వస్తుంది. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని అందరూ చెప్తారు, ఇది ఎవరూ చెప్పరు. ఆ పైన మడ్ ట్యాక్స్. మడ్ అంటే బురద కాదు, మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్. ఆ కాలనీకి నీళ్ళ పైపులు, డ్రైనేజీ వేయడానికి చేసిన అప్పు అక్కడుండేవాళ్ళే తీర్చాలి. అన్నీ కలిపి 2.4 శాతం అనుకుందాం, ఆరు లక్షల డాలర్ల ఇంటికి ఏడాదికి 14,400. నెలకి 1,200, బ్యాంకు వాయిదా కాకుండా. పాత ఇళ్ళకి ఇంకో తిరకాసు. సొంతంగా ఉండేవాళ్ళకి హోమ్‌స్టెడ్ రూలు ప్రకారం పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెంచరు. ఇల్లు చేతులు మారితే ఆ పరిమితి పోతుంది. కాబట్టి పాత ఓనరు కట్టింది చూసి మురిసిపోవద్దు.

ఇప్పుడు ఈ క్లిప్ చూడండి. నేను తీయలేదు, పాప తీసింది, కొంచెం ఊగుతుంది.

మేము లోపల గ్రానైట్ గట్లు చూస్తుంటే అత్తయ్య బయట పక్కింటి ఖాళీ స్థలం దగ్గర కూర్చుని ఉంది. గొంతుక్కూర్చుని, నేలలోకి చెయ్యి పెట్టి. నిజంగానే, వేళ్ళు గాజుల దాకా దిగిపోయాయి. నేల అంత బీటలిచ్చింది. ఎండ తగులుతుంది లేవండత్తయ్యా అంటే లేవదే.

"అమ్మాయ్, ఇది మన రేగడే."

అత్తయ్య వాళ్ళది సత్తెనపల్లి దగ్గర పల్లెటూరు, పత్తి పండించిన కుటుంబం. గడ్డ ఒకటి తీసి నలిపింది. నల్లగా, లోపల ఇంకా కొంచెం చెమ్మ.

"వానలకి ఉబ్బుద్ది, ఎండలకి నెర్రెలిచ్చుద్ది. మా నాయన ఇల్లు కట్టేటప్పుడు పునాది గుంటల్లో బళ్ళకొద్దీ ఇసక పోయించాడు. వీళ్ళేం పోశారో అడిగావా?"

అడగలేదు! మేము కౌంటర్ల రంగు అడిగాం. ఆ రాత్రి హోటల్లో కూర్చుని చదివితే, ఈ ప్రాంతాన్ని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారట. నల్లరేగడి నేలే, ఒకప్పుడు ఇక్కడా పత్తే. న్యూజెర్సీలో మా ఇంటికి బేస్‌మెంట్ ఉంది, ఇక్కడి ఇళ్ళకి సాధారణంగా ఉండదు. నేల మీదే కాంక్రీట్ స్లాబ్, కదలకుండా లోపల బిగించిన స్టీలు తీగలు. వేసవిలో ఇంటి చుట్టూ చిల్లుల పైపు వేసి నేలకి నీళ్ళు పెడతారు. మొక్కలకి కాదండీ, పునాదికి! నేల ఎండి ఒక పక్క కుంగితే తలుపులు పట్టేస్తాయి, గుమ్మం మూలల్లోంచి గోడకి ఏటవాలుగా బీటలొస్తాయి. మర్నాటి నుంచి ఏ ఇంట్లోకి వెళ్ళినా అత్తయ్య ముందు తలుపులన్నీ తీసి వేసి చూసేది. ఒక ఇంట్లో పడగ్గది తలుపు మూసుకోలేదు. ఆవిడ ఏమీ అనలేదు, వచ్చి కార్లో కూర్చుంది.

మూడో రోజు సాయంత్రం ఇంకో కాలనీ, ఫ్రిస్కోలోనే. ఎనిమిదవుతోంది, ఎండ తగ్గింది. అప్పటిదాకా మనిషి కనపడని వీధిలోకి ఒక్కసారి జనం. చెరువు, మధ్యలో ఫౌంటెన్, దాని చుట్టూ మన పెద్దవాళ్ళు. చీరల మీద స్పోర్ట్స్ షూ, చేతులు వెనక్కి కట్టుకుని నడిచే మావయ్యలు. మేం వాకిళ్ళు లెక్కపెడుతుంటే అత్తయ్య ఒకావిడ పక్కన చేరిపోయింది.

"ఏ ఊరండీ మీది?"

"తణుకండి. ఆర్నెల్లు ఇక్కడ, ఆర్నెల్లు అక్కడ."

"పగలేం చేస్తారండీ ఇక్కడ?"

ఆవిడ నవ్వి, "ఏం చేస్తామండీ, తలుపేసుకుని టీవీ. కొట్టు నాలుగు మైళ్ళు, గుడి ఆరు మైళ్ళు. మా అబ్బాయికి శనివారం తీరిక. ఈ గంట మాత్రం ఎవరూ మానరండి" అంది.

అదీ నేను ఏ వెబ్‌సైట్‌లోనూ చూడని సమాచారం. ఫ్రిస్కో డార్ట్‌లో లేదు, కాబట్టి ఇర్వింగ్‌లోలా రైలు ఉండదు. కారు నడపని మనిషికి ఎనిమిదింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆ ఒక్క గంటే ఊరు. మేము మాత్రం మూడు రోజులుగా బడి రేటింగు, ఆఫీసు దూరం, గ్యారేజీ రెండా మూడా, ఇవే చూస్తున్నాం. పగలంతా ఆ ఇంట్లో ఉండేది అత్తయ్య.

కార్లో మా ఆయన, "అమ్మా, నీకు ఏది నచ్చింది?" అని మొదటిసారి అడిగాడు. "నన్నడుగుతావేంట్రా, మీ ఇష్టం" అని, కాసేపాగి, "ఆ కరివేపాకు కొట్టు దగ్గరైతే విమానాల మోత ఎక్కువే. అయినా మోతకి అలవాటు పడొచ్చు" అంది.

ఇంకా తేలలేదు. మా ఆయన ఓటు ఫ్రిస్కోకి, పాప ఓటు స్విమ్మింగ్ పూల్ ఉన్న దేనికైనా. నేను ఏడాది అద్దెకి కొప్పెల్ బడి వచ్చే వ్యాలీ రాంచ్ ఇళ్ళు రెండు దాచిపెట్టుకున్నాను. రెండూ కొట్టుకి నడిచేంత దూరంలోనే. నలభై ఎనిమిది నిమిషాలు ఎవరు నడపాలనేది మాత్రం ఇంట్లో ఇంకా చర్చలో ఉంది.

ఈ చివరి ముక్క ఎడిసన్ వచ్చాక రికార్డ్ చేస్తున్నాను. అద్దె కారు వాళ్ళ దగ్గర్నుంచి బిల్లు వచ్చింది. డాలస్ టోల్ రోడ్ల మీద ఆగి డబ్బులిచ్చే గేట్లు ఉండవు, పైన కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీసుకుంటుంది. కారుకి అంటించుకునే టోల్ ట్యాగ్ ఉంటే రేటు తక్కువ, లేకపోతే ఎక్కువ. దాని మీద కారు వాళ్ళ సర్వీస్ ఛార్జీ రోజుకింత. నాలుగు రోజులు నార్త్ టోల్‌వే, జార్జ్ బుష్, సామ్ రేబర్న్ అని ఎడాపెడా తిరిగాం కదా. బిల్లు మొత్తం చదివితే అత్తయ్య చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ తీస్తూ ఆగింది.

"ఏంటే, ఇల్లు కొనకుండా రోడ్డు కొన్నారా?"