స్క్రీన్ ఆపేసి వాట్సాప్ చూడటం ఎలా?

[దృశ్యం: విజయవాడ నుంచి గుంటూరు వెళ్లే బస్సు. కిటికీ పక్కన ఒక కుర్రాడు. చేతిలో ఫోన్, స్క్రీన్ నల్లగా ఉంది.]

వ్యాఖ్యానం: “బాబూ, నీ ఫోన్ ఆఫ్ అయినట్టుంది” అన్నారు పక్క సీటు పెద్దాయన. “లేదండీ, వాట్సాప్ చూస్తున్నా” అన్నాడు మా తమ్ముడు. వాడికి చూపు లేదు. స్క్రీన్ వెలిగితే ఏంటి, ఆరితే ఏంటి? పైగా పక్కవాళ్లు తొంగి చూడరు!

[క్లోజప్: ఫోన్ మీద వేలు]

ఇది టాక్‌బ్యాక్. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఉంటుంది. వేలు పెట్టిన చోట ఏముందో చదువుతుంది. కావాలంటే ఫోన్ పనిచేస్తుండగానే స్క్రీన్‌ని నల్లగా దాచేస్తుంది. కుడికి తోస్తే తర్వాతది, రెండుసార్లు తడితే తెరుచుకుంటుంది. వాడు పెట్టుకున్న స్పీడుకి నాకైతే మిక్సీ తిరిగినట్టే వినిపిస్తుంది. ఐఫోన్లో ఇలాంటిదే వాయిస్‌ఓవర్ 2009 నుంచీ ఉంది. విండోస్ కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ. ఆస్ట్రేలియాలో మైకేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. పైసా కట్టక్కర్లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? కాలేజీ గ్రూపులో పరీక్షల టైంటేబుల్ పడింది.

[శబ్దం: ఫోన్ గొంతు, “ఫోటో”]

అంతే. నోటీసు బోర్డుకి ఫోటో కొట్టి పెట్టేశారు. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయినా అదీ బొమ్మే. బొమ్మలోంచి అక్షరాలు లాగే యాప్‌లున్నాయి గానీ, గళ్లు ఉంటే ఏ తేదీ ఏ పేపర్‌దో ఒక్కోసారి కలిసిపోతుంది. టైపు చేసిన తెలుగుతోనూ ఒక తంటా ఉంది. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కంటికి కనిపించేది తెలుగే, లోపల దాగినవి ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ. ఫోన్ వాటినే చదువుతుంది. తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే దాచే యూనికోడ్‌లో కొడితే ఈ గొడవ లేదు.

కొన్ని యాప్‌లలో బటన్లకు పేర్లే పెట్టరు. “బటన్, బటన్, బటన్” అంటూ పోతుంది. డబ్బు పంపేటప్పుడు ఇలా అయితే ఎంత టెన్షనో!

కెమెరా ముందు కళ్లార్పి చూపించమనే కేవైసీ (మనమెవరో బ్యాంకులు సరిచూసుకునే పద్ధతి) మీద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న కోర్టు చెప్పింది. యాప్‌లు మారేసరికి ఎన్నాళ్లు పడుతుందో గానీ, ఫోటో కింద నాలుగు ముక్కలు టైపు చేయడానికి రెండు నిమిషాలు చాలు.

[దృశ్యం: మళ్లీ బస్సు]

ఆరోజు క్లాసులో ఒకమ్మాయి టైంటేబుల్ మొత్తం టైపు చేసి పెట్టింది. మంగళగిరి దాటేలోపే మావాడు వినేశాడు. ఇయర్‌ఫోన్ తీసి నావైపు తిరిగాడు.

“అన్నయ్యా, ఎకనామిక్స్ సోమవారమేనట. నేనింకా మొదలే పెట్టలేదు!”