అక్రాలో సబ్బు కొంటే ఆస్పత్రికి డబ్బు: ఘనా ఆరోగ్య బీమా ఎలా నడుస్తోంది?

[తెర మీద: సూపర్ మార్కెట్ బిల్లు నమూనా. ఒక వరుస చుట్టూ ఎర్ర గీత.]

ఘనా రాజధాని అక్రాలో మీరు ఏదైనా సూపర్ మార్కెట్‌కి వెళ్లారనుకోండి. సబ్బు, టూత్‌పేస్టు, రెండు బిస్కెట్ ప్యాకెట్లు తీసుకున్నారు. మొత్తం 100 సెడీలు. సెడీ అంటే వాళ్ల రూపాయి. బిల్లు కింద పన్నుల దగ్గర ఒక వరుస ఉంటుంది: ఎన్‌హెచ్‌ఐఎల్, 2.50. మనం బిల్లు మీద సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ ఎంతో చూడకుండానే మడిచి జేబులో పెట్టుకుంటాం కదా, అలాంటి వరుసే ఇది. పేరు జాతీయ ఆరోగ్య బీమా సుంకం.

ఘనాలో కోట్ల మందికి వైద్యం నడిచేది ముఖ్యంగా ఈ రెండున్నర సెడీల మీదే. షాపు కౌంటర్ దగ్గర బయల్దేరిన ఆ డబ్బు ఆస్పత్రి మందుల కిటికీ దాకా ఎలా చేరుతుందో, మధ్యలో ఎక్కడ ఇరుక్కుంటుందో చూద్దాం.

[తెర మీద: పాత నలుపు తెలుపు ఆస్పత్రి వార్డు]

ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక క్వామే ఎన్‌క్రుమా ప్రభుత్వం సర్కారు ఆస్పత్రుల్లో వైద్యం దాదాపు ఉచితం చేసింది. దేశానికి కోకో పంటే పెద్ద దిక్కు. కోకో ధర పడితే ఖజానా కూడా పడేది. 1970ల చివరికొచ్చేసరికి ఖజానాలో డబ్బు లేదు, ఆస్పత్రుల్లో మందుల్లేవు. 1983లో ప్రపంచ బ్యాంకు, ఐఎంఎఫ్ అప్పులిచ్చాయి, వాటితో పాటే షరతులూ పెట్టాయి. 1985లో ఆస్పత్రి ఫీజులు గట్టిగా పెంచారు. మందుల ఖర్చు మొత్తం రోగి నెత్తినే పడింది.

ఆ పద్ధతి 'క్యాష్ అండ్ క్యారీ' అనే పేరుతో జనం నోళ్లలో నిలిచిపోయింది. మనకు ఆ మాట వింటే హోల్‌సేల్ దుకాణం గుర్తొస్తుంది. అక్కడ మాత్రం ఆ మాట వింటే ఒక తరం వాళ్లకు ఇప్పటికీ గుండె దడే. పురిటి నొప్పులతో భార్య మంచం మీద ఉంటుంది. భర్త చేతికి చీటీ ఇస్తారు: గ్లవ్స్, సిరంజీలు, సెలైన్, దూది. అతను ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకి పరిగెత్తాలి, డబ్బు చాలకపోతే అప్పు కోసం ఇంటింటికీ తిరగాలి. అవి వచ్చాకే వైద్యం మొదలవుతుంది. యాక్సిడెంట్ కేసులకూ ఇదే తంతు. డబ్బు లేనివాళ్లు ఆస్పత్రికి రావడమే మానేశారు. వచ్చినా, రోగం బాగా ముదిరాక వచ్చేవాళ్లు.

2000 ఎన్నికల్లో జాన్ కుఫూర్ పార్టీ ఈ పద్ధతిని రద్దు చేస్తామని మాటిచ్చి గెలిచింది. 2003లో చట్టం వచ్చింది. బాగానే ఉంది కానీ, డబ్బు ఎక్కడిది?

[తెర మీద: మూడు కుండలు, ఒకటి చాలా పెద్దది]

ఈ కథలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. బీమా అంటే నెలనెలా జీతంలోంచి కోసేది అనుకుంటాం. కానీ ఘనాలో ఎక్కువ మందికి జీతమే లేదు. సంతలో టమాటాలు అమ్మే ఆవిడ, టాక్సీ డ్రైవర్, కోకో రైతు. వీళ్ల దగ్గర నెలనెలా ప్రీమియం వసూలు చేయడం చాలా కష్టం. అయితే అందరూ సబ్బు కొంటారు. అందుకే కొనుగోళ్ల మీద రెండున్నర శాతం సుంకం వేశారు. బియ్యం, కూరగాయల్లాంటి వండని స్థానిక పంటలకు దీన్నుంచి మినహాయింపు ఉంది. ఉద్యోగుల సోషల్ సెక్యూరిటీ చందాలోంచి కూడా రెండున్నర శాతం పాయింట్లు ఇటు మళ్లించారు. మా పింఛను డబ్బు ఎలా తీస్తారని కార్మిక సంఘాలు గొడవ చేశాయి కూడా.

లెక్క చూస్తే, నిధిలో దాదాపు ముప్పాతిక భాగం ఆ షాపు సుంకమే. మిగతాదాంట్లో ఎక్కువ ఉద్యోగులది. సభ్యులు ఏటా కట్టే ప్రీమియం వాటా చాలా చిన్నది. అంటే పేరుకే బీమా. మీరు నన్నడిగితే ఇది పన్నుతో నడిచే వైద్యం, పైన బీమా కార్డు తగిలించారంతే. అందులో తప్పేమీ లేదు. అయితే ఒక ఇబ్బంది ఉంది. కార్డు లేనివాళ్లు కూడా సబ్బు కొన్నప్పుడల్లా పన్ను కడుతున్నారు. కట్టేది అందరూ, కార్డు ఉన్నది జనాభాలో సగానికి పైగా మందికే.

మిగతావాళ్లు ఎందుకు చేరలేదు? 18 ఏళ్లలోపు వాళ్లకు, 70 దాటినవాళ్లకు ప్రీమియం లేదు. 2008 జూలై నుంచి గర్భిణులకూ లేదు. నిరుపేదలకూ లేదు. కానీ నిరుపేద అని ఎవరిని అనాలి? మొదట్లో రాసిన నిబంధన చదివితే నవ్వాలో ఏడవాలో తెలియదు. కనిపించే ఆదాయం ఉండకూడదు. స్థిరమైన నివాసం ఉండకూడదు. సంపాదన, ఇల్లు ఉన్నవాళ్లతో కలిసి ఉండకూడదు. ఆదుకునేవాళ్లెవరూ ఉండకూడదు. ఉత్తరాన ఏ పల్లెలోనైనా మట్టి గుడిసె ఉన్న ముసలాయన కూడా ఈ లెక్కన పేదవాడు కాదు! తర్వాత లీప్ అనే నగదు సాయం పథకంలో ఉన్నవాళ్లను కూడా నిరుపేదల కింద చేర్చుకోవడంతో పరిస్థితి కొంత మెరుగైంది.

[తెర మీద: బాణం గుర్తులు, మధ్యలో ఒకచోట ఆగిపోయిన గడియారం]

ఇక మన రెండున్నర సెడీల దగ్గరికొద్దాం. షాపువాడు పన్ను శాఖకు కట్టాడు. అక్కణ్నుంచి అది ఆర్థిక శాఖ చేతికొచ్చింది. చట్టం ప్రకారం ఆ శాఖ దాన్ని బీమా నిధికి పంపాలి. బీమా సంస్థ ఆ నిధిలోంచి ఆస్పత్రుల క్లెయిములకు చెల్లించాలి. గడియారం ఆగేది ఆర్థిక శాఖ దగ్గరే. బడ్జెట్ ఇరుకైన నెలల్లో ఆ డబ్బు అక్కడే నిలిచిపోయేది. 2017లో దీన్ని ఏకంగా చట్టమే చేశారు. బీమా, విద్య లాంటి వాటికోసం విడిగా వసూలయ్యే సుంకాలన్నీ కలిపి మొత్తం పన్ను రాబడిలో 25 శాతం మించి ఆయా నిధులకు వెళ్లకూడదని పరిమితి పెట్టారు. ఆరోగ్యం పేరు చెప్పి వసూలు చేసిన డబ్బు వేరే ఖర్చులకు పోయింది.

మందుల కిటికీ వెనక కూర్చున్న ఫార్మసిస్టు వైపు నుంచి ఆలోచించండి. మలేరియా మాత్రకు బీమా సంస్థ ఒక ధర నిర్ణయించింది. మీరు బజార్లో కొని స్టాకు పెట్టారు, రోగికి ఇచ్చారు, క్లెయిమ్ పంపారు. డబ్బు నెలల తర్వాత వస్తుంది, అదీ పాత ధరకే. ఈలోపు సెడీ విలువ పడిపోయింది. 2022 డిసెంబరులో ఘనాలో ద్రవ్యోల్బణం 54 శాతం. వచ్చిన డబ్బుతో మళ్లీ అంత స్టాకు కొనలేరు. అప్పుడేం చేస్తారు? కార్డు చూపించిన రోగితో 'ఈ మందు లేదమ్మా, బయట కొనుక్కోండి' అంటారు. లేదా పైన కొంచెం ఇమ్మంటారు. నిబంధనల ప్రకారం అలా అడగకూడదు, కానీ అడుగుతారు. క్యాష్ అండ్ క్యారీ వెనక గుమ్మంలోంచి మళ్లీ లోపలికొచ్చిందన్నమాట.

ఆరోగ్యశ్రీ బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేస్తామని చెప్పే వార్తలు మనమూ చదువుతూనే ఉంటాం. జబ్బు అదే, ఊరే వేరు.

[తెర మీద: ఎర్రమట్టి దారి, మోటార్ సైకిల్ మీద నర్సు]

చేతిలో కార్డున్నా ఆస్పత్రి అందుబాటులో ఉండాలి కదా. ఆ సంగతి ఘనా బీమా కంటే ముందే పట్టించుకుంది. 1990లలో ఉత్తరాన నవ్రొంగోలో ఒక ప్రయోగం చేశారు. నర్సుకి పల్లెలోనే ఇల్లు కట్టించి, మోటార్ సైకిల్ ఇచ్చి, గడప గడపకీ పంపించారు. అది పనిచేసింది. సీహెచ్‌పీఎస్ పేరుతో 1999లో దేశ విధానమైంది. దాని గురించి చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి.

[తెర మీద: మళ్లీ అదే బిల్లు]

2025 మార్చి బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి కాసియెల్ ఆటో ఫోర్సన్ బీమా సుంకం మీద 2017 నాటి ఆ 25 శాతం పరిమితి ఎత్తేశారు. వసూలైనదంతా బీమా నిధికే పోవాలి. కానీ అదే ఏడాది అమెరికా సాయం ఆగిపోవడంతో మలేరియా, హెచ్‌ఐవీ కార్యక్రమాలకు లోటు పడింది. దాన్నీ దేశమే ఎక్కడో ఒకచోట నుంచి పూడ్చాలి.

ఇంకో తేడా కూడా గమనించండి. 2007లో మన ఆరోగ్యశ్రీ గుండె ఆపరేషన్ల లాంటి పెద్ద ఖర్చులతో మొదలైంది. జ్వరానికి మాత్రం జేబులోంచే పెట్టుకున్నాం. ఘనా దీనికి తలకిందులు. జ్వరం, మలేరియా, కాన్పు దగ్గర మొదలుపెట్టింది. సాధారణ జబ్బుల్లో 95 శాతం తమ జాబితాలో ఉన్నాయని అధికారులు చెబుతారు. ఆ మిగిలిన ఐదులో చాలాకాలం డయాలిసిస్ ఉండిపోయింది. 2024లో కొన్ని కేంద్రాల్లో, కొందరికి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. కిడ్నీలు పాడైన మనిషికి వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్ కావాలి. 100 సెడీల బిల్లు మీద పడే రెండున్నర సెడీలు దాన్ని కూడా మోయాలి.