ఊరి చెరువుల పటం ఊరివాళ్లే గీయాలి

అందరికీ నమస్కారం. ఈ రోజు మన పని ఒక్కటే. మన మండలంలోని చెరువులు, కుంటలు అన్నిటినీ ఒక పటం మీద పెట్టాలి, ఆ పటాన్ని ఒక లింక్‌గా ఎవరి ఫోన్‌కైనా పంపగలగాలి. డబ్బు ఖర్చు లేదు, కోడింగ్ రానక్కర్లేదు. కంప్యూటర్ ఒక్కటుంటే పదిమంది పని చెయ్యొచ్చు, మిగతా పనంతా ఫోన్లతోనే అవుతుంది.

చెరువులే ఎందుకు అంటారా? మీ ఫోన్‌లో మ్యాప్ తెరిచి మీ ఊరు చూడండి. పెట్రోల్ బంక్, ఏటీఎం, టిఫిన్ సెంటర్ కనిపిస్తాయి. పెద్ద చెరువైతే నీలం మచ్చలాగా ఉంటుంది, చిన్న కుంటైతే అదీ ఉండకపోవచ్చు. మత్తడి (చెరువు నిండాక నీళ్లు పొర్లిపోయే అలుగు) ఎక్కడుందో, పొలాలకు నీళ్లు వదిలే తూములు ఎన్నో, పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు ఏ వాగులో పడి ఏ చెరువుకు చేరతాయో ఏ కంపెనీ మ్యాప్‌లోనూ దొరకదు. అది చెప్పగలిగినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. నీరటి పని, అంటే చెరువు నీళ్లు పొలాలకు పంచే పని చేసిన కుటుంబాల పెద్దలు, మత్స్య సహకార సంఘం వాళ్లు, కట్ట కింద పొలం ఉన్న రైతులు. వాళ్లకు తెలిసింది ఎక్కడా రాసి లేదు, వాళ్లతోపాటే పోతోంది. ఈ పని ఆలస్యం చెయ్యకూడదని నేను అంత గట్టిగా అనడానికి కారణం ఇదే.

తెలంగాణలో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయని లెక్క తేలాక 2015లో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ పథకం మొదలైంది. లెక్క వేరు, వాటి మధ్య సంబంధం వేరు. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలం నాటి పెద్ద చెరువుల పేర్లు అందరికీ తెలుసు, కానీ మన నేల మీద నీటిని నిలబెట్టింది వాటితోపాటు ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులు. పైది నిండితే కిందిదానికి, అది నిండితే ఇంకా కిందిదానికి. మధ్యలో ఒక్క కుంటను పూడ్చి ప్లాట్లు చేస్తే ఏమవుతుందో చెప్పాలంటే ఎంత మాట్లాడినా ఎదుటివాళ్లకు ఎక్కదు. అదే మూడు చెరువులు, వాటిని కలిపే వాగు గీసి, మధ్యలో పూడిన కుంటను ఎర్రగా చూపించారనుకోండి, వాన పడినప్పుడు నీళ్లు ఎవరి ఇళ్లలోకి వస్తాయో గ్రామసభలో ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కాబట్టి మన పటం ఒకే ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఈ చెరువు నిండితే నీళ్లు ఎటు పోతాయి? బడులు, గుళ్లు, బస్టాపులు కూడా పెడదామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. కావాలంటే దానికి ఇంకో పటం చేసుకుందాం.

ఇప్పుడు అందరూ నేరుగా మ్యాప్ వెబ్‌సైట్ తెరిచి పిన్నులు పెట్టడం మొదలుపెడతారు. దయచేసి అలా చెయ్యకండి. ముందు పట్టిక తయారు చెయ్యండి. గూగుల్ షీట్ చాలు, ఎక్సెల్ అయినా సరే. ఒక్కో చెరువుకు ఒక్కో వరుస. పేరు తెలుగులో, ఊరు, అక్షాంశం, రేఖాంశం, మత్తడి ఎటువైపు, తూములు ఎన్ని, నీళ్లు ఏ చెరువు నుంచి వస్తాయి, ఏ చెరువుకు పోతాయి, చూసిన తేదీ, ఈ సంగతి ఎలా తెలిసింది. ఈ పట్టికే మన ఆస్తి, పటం దాన్ని చూపించే ఒక పద్ధతి మాత్రమే. ఎందుకంటే ఉచితంగా దొరికే సాధనాలు ఎప్పుడు మూతపడతాయో మన చేతిలో లేదు. గూగుల్ మ్యాప్ మేకర్ 2008లో వచ్చింది, మన దేశంలో ఎంతోమంది కూర్చుని తమ ఊళ్లు, రోడ్లు అందులో గీశారు, 2017లో దాన్ని మూసేశారు. ఫ్యూజన్ టేబుల్స్ అని ఇంకొకటి ఉండేది, జర్నలిస్టులు తెగ వాడేవాళ్లు, అది 2019 డిసెంబరులో పోయింది. గూగుల్ మై మ్యాప్స్ ఇంకా ఉంది గానీ దాని ఆండ్రాయిడ్ యాప్ 2021లో తీసేశారు. పట్టిక మన దగ్గరుంటే ఒకటి పోయినా ఇంకోదాంట్లో ఒక పూటలో మళ్లీ పెట్టుకోవచ్చు.

అక్షాంశం, రేఖాంశం అంటే భయపడకండి. కట్ట మీద నిలబడి ఫోన్‌లో మ్యాప్ తెరిచి, మీరున్న చోట వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే పిన్ పడుతుంది, రెండు అంకెలు వస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. చుక్క తర్వాత ఐదు అంకెలు రాసుకుంటే చాలు, ఐదో అంకె అంటే సుమారు ఒక మీటరు, ఫోన్ జీపీఎస్‌కు మామూలుగా అంత ఖచ్చితత్వం కూడా ఉండదు. మూడు అంకెలతో ఆపేస్తే మాత్రం నూరు మీటర్ల పైన తేడా వచ్చి పిన్ పక్క పొలంలో పడొచ్చు. ఇంకో సంగతి, ఈ రెండు అంకెలను తారుమారు చెయ్యకండి. వరంగల్ 17.97, 79.59 దగ్గర ఉంది. వాటిని తిరగేస్తే పిన్ ఉత్తర ధ్రువం వైపు, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల దగ్గర పడుతుంది. పటాల సమాచారం దాచే జియోజేసన్ అనే ఫైల్ రకంలో రేఖాంశమే ముందు రాస్తారు, అందుకే ఈ గందరగోళం తరచుగా వస్తుంది. ఊరి పేరు కొట్టి దాన్నే వెతుక్కోమని మ్యాప్‌కు వదిలెయ్యడం కూడా మంచిది కాదు. కొత్తపల్లులు, రాంపూర్‌లు మన రెండు రాష్ట్రాల్లో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, అది తనకు తోచిన కొత్తపల్లిలో పిన్ పెట్టేస్తుంది.

తెలుగులో రాసిన పట్టికను ఎక్సెల్ నుంచి సీఎస్వీగా (పట్టికను మామూలు అక్షరాల ఫైల్‌గా దాచే పద్ధతి) సేవ్ చేసేటప్పుడు, తెలుగు అక్షరాలను సరిగ్గా దాచే యూటీఎఫ్-8 అని ఉన్న రకాన్నే ఎంచుకోండి. లేకపోతే పేర్లన్నీ ప్రశ్నార్థకాలు అయిపోతాయి, తెలుగు పని చెయ్యదేమో అనుకుని ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. ఈ ఒక్క చిన్న కారణంతో తెలుగు పేర్లు వదిలేసిన పటాలు చూస్తే నాకు చాలా బాధేస్తుంది.

సాధనాల సంగతికి వస్తే, మొదటిసారి చేసేవాళ్లకు గూగుల్ మై మ్యాప్స్ తేలిక. జీమెయిల్ ఉంటే చాలు. ఒక పటంలో 10 లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), ఒక్కో లేయర్‌లో 2,000 వరకు పిన్నులు, గీతలు పెట్టుకోవచ్చు, మండలానికి అది కావలసినంత. కానీ నేను మీకు యూమ్యాప్ నేర్చుకోమని చెప్తాను. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే, అందరూ కలిసి రాసే ఉచిత పటం ఆధారంగా నడిచేది, ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది, ఫ్రాన్స్‌లోని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సంఘం దాన్ని ఉచితంగా నడుపుతోంది. ఖాతా లేకుండానే పటం మొదలుపెట్టొచ్చు. అప్పుడు ఎడిట్ చెయ్యడానికి ఒక రహస్య లింక్ ఇస్తుంది, దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి, అది పోతే మీ పటాన్ని మీరే మార్చలేరు. ఖాతాతో చేసుకోవడమే నయం.

యూమ్యాప్‌లో నాకు బాగా నచ్చేది, గూగుల్ షీట్‌ను సీఎస్వీగా వెబ్‌లో పబ్లిష్ చేసి, ఆ లింక్‌ను లేయర్‌లో రిమోట్ డేటా అనే చోట పెట్టే వీలు. అక్షాంశం, రేఖాంశం ఉన్న నిలువు వరుసలకు ఇంగ్లీషు అక్షరాల్లో lat, lon అని పేరు పెడితే అదే గుర్తుపడుతుంది. ఇక షీట్‌లో కొత్త చెరువు ఒక వరుసగా చేరిస్తే కాసేపటికి పటంలో కనిపిస్తుంది, పటం ముట్టుకోవలసిన పనే లేదు. అంటే కంప్యూటర్ రానివాళ్లు కూడా ఫోన్‌లో షీట్ నింపి ఈ పనిలో పాలు పంచుకోవచ్చు. అయితే పబ్లిష్ చేసిన షీట్ మొత్తం బయటికి కనిపిస్తుంది, పటంలో మీరు చూపించని వరుసలతో సహా. అందుకని సమాచారం చెప్పిన పెద్దల పేర్లు, ఫోన్ నంబర్లు వేరే షీట్‌లో పెట్టుకోండి, పబ్లిష్ చేసేదాంట్లో అవి ఉండనే కూడదు. ఎలా తెలిసింది అన్న చోట 'కట్ట కింది రైతు' అని రాస్తే సరిపోతుంది.

చెరువుకు పిన్ ఒక్కటే చాలదు. వాగును గీతగా, నీళ్లు నిలిచే మేరను చుట్టూ గీసిన ఆకారంగా వేరు వేరు లేయర్లలో గీయాలి. ఈ గీతలు షీట్‌లో ఉండవు, కాబట్టి నెలకోసారైనా షేర్ మెనూలోంచి పటం మొత్తం బ్యాకప్ దించుకోండి. వాగు గీసేటప్పుడు పై నుంచి కిందికి, నీళ్లు పారే దిక్కులోనే గీయండి, ఎప్పుడైనా బాణం గుర్తులు పెట్టాలనుకుంటే పనికొస్తుంది.

నీళ్ల మేర ఎక్కడి దాకా అన్నదానికి ఉపగ్రహ చిత్రాలు చూడొచ్చు. మామూలు మ్యాప్‌లో కనిపించే చిత్రం ఏ నెలలో తీశారో సులువుగా తెలియదు, మే నెలలోది అయితే చెరువు సగం పొలంలా కనిపిస్తుంది. కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైట్‌లో యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు తేదీలవారీగా ఉచితంగా దొరుకుతాయి, ఐదు రోజులకోసారి కొత్తది వస్తుంది. జులై, ఆగస్టుల్లో మబ్బులే కనిపిస్తాయి, అక్టోబరులో తెరిపి ఉన్న రోజు చూసుకుని, దాన్ని మే నెల చిత్రం పక్కన పెట్టండి. ఏ చెరువులో నీళ్లు ఎండాకాలం దాకా నిలుస్తున్నాయో తెలుస్తుంది. ఆ చిత్రంలో ఒక గడి (పిక్సెల్) అంటే నేల మీద 10 మీటర్లకు 10 మీటర్లు, ఎకరం కుంట సుమారు 40 గళ్లలో వస్తుంది, అంతకంటే చిన్నవాటికి మీరు నడిచి వెళ్లి చూడాల్సిందే. మన హైదరాబాద్‌లోని ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ నడిపే భువన్ అనే ఉపగ్రహ పటాల వెబ్‌సైట్ కూడా ఉంది, 2009 నుంచి.

ఒక విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. మీరు ఉపగ్రహ చిత్రం చూసి గీసిన అంచు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే అధికారిక హద్దు, కాదు. ఎఫ్‌టీఎల్ హద్దు, శిఖం భూమి (చెరువు లోపలి భూమి) హద్దు తేల్చేది నీటిపారుదల, రెవెన్యూ శాఖల సర్వే. మీ పటంలో 'అక్టోబరులో నీళ్లు కనిపించిన మేర' అని తేదీతో రాయండి, అంతకు మించి ఒక్క మాటా రాయొద్దు. ఆక్రమణ అన్న మాట ఎవరి పేరు పక్కనా పెట్టొద్దు. మీరు చూసింది, విన్నది విడివిడిగా రాస్తే రేపు ఏ అధికారి ముందైనా ఆ పటం నిలబడుతుంది, ఒక్క చోట అతిగా రాస్తే మిగతా నిజాలను కూడా పక్కన పడేస్తారు.

అలాగే చెరువు కట్టల మీద పాత వీరగల్లులు (వీరుల గుర్తుగా చెక్కిన రాళ్లు), పాడుబడ్డ గుళ్లు కనిపిస్తాయి. ఫొటో తీసి పిన్ పెట్టాలని మనసు పీకుతుంది. గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు మన దగ్గర ఎంత అన్యాయం చేస్తున్నారో పేపర్లలో చూస్తున్నాం కదా. మనుషులు తిరగని చోట ఉన్న విగ్రహాల చిరునామా మనమే వాళ్లకు ఇవ్వకూడదు.

చట్టపరంగా టెన్షన్ పడక్కర్లేదు. 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత భారతీయులు పటాలు తయారు చెయ్యడానికి ముందస్తు అనుమతి అడగాల్సిన పని లేదు, కొన్ని సున్నితమైన వివరాలు చూపకూడదు అంతే. దేశం మొత్తం కనిపించే పటం ప్రచురించేటప్పుడు మాత్రం సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటంలో ఉన్నట్టే ఉండాలి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అవి వేరుగా ఉంటాయి.

మన పటం ఒక కొలిక్కి వచ్చాక చెరువుల పేర్లను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనే చేరుద్దాం. 2004లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆ పటాన్ని ప్రపంచమంతా మామూలు మనుషులే కలిసి రాస్తున్నారు, ప్రతి స్థలానికీ తెలుగు పేరు రాయడానికి విడిగా చోటుంది, అందులో మన చెరువుల పేర్లు చాలావరకు ఖాళీగానే ఉన్నాయి. అక్కడ మనం రాసింది ఎంతోమంది చేసే యాప్‌లలోకి వెళ్తుంది. ఒక్కటే నియమం, గూగుల్ మ్యాప్ చూసి అందులోకి ఎక్కించకూడదు, లైసెన్సు ఒప్పుకోదు. మీరు చూసింది, ఊరివాళ్లు చెప్పింది, ఆ సైట్‌లోనే గీయడానికి ఇచ్చే ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది రాయండి.

పంచుకునేటప్పుడు రెండు లింకులు ఉంటాయి, చూసేది, మార్చేది. వాట్సాప్ గ్రూపులో మార్చే లింక్ పెడితే ఎవరో తెలియక నొక్కి గీతలు చెరిపేస్తారు. పటం తెరుచుకోగానే మండలం నిండుగా కనిపించేలా ముందే సెట్ చేసి సేవ్ చెయ్యండి, ఫొటోలు చిన్న సైజువి పెట్టండి, పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. లింక్‌ను క్యూఆర్ కోడ్‌గా ప్రింట్ తీసి పంచాయతీ ఆఫీసులో, బడిలో అతికిస్తే బాగా పనిచేస్తుంది. స్మార్ట్ ఫోన్ లేని పెద్దవాళ్లకు పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి చూపించండి, వాళ్లు వేలు పెట్టి 'ఇది ఇటు కాదు బిడ్డా, అటు' అన్న చోటల్లా పట్టిక బాగుపడుతుంది.

తేదీ తప్పకుండా రాయమన్నాను కదా, దాని విలువ వరదల్లో తెలుస్తుంది. 2015 చివర్లో చెన్నై మునిగినప్పుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ మీద పనిచేసేవాళ్లు, మునిగిన వీధి మీద నొక్కి గుర్తు పెట్టే పటం ఒకటి పెట్టారు, జనం వేల వీధులు గుర్తించారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం వైపు నీళ్లు నిలిచిపోయినప్పుడు అలాంటి రోజుల్లో ఏ దారి తెరిచి ఉందో, ఎక్కడ పడవ ఉందో తెలియడం ఎంత అవసరమో చూశాం. నీళ్లు గంటగంటకూ మారతాయి, నిన్నటి పిన్ ఈ రోజు మనిషిని నీళ్లలోకి పంపగలదు. మన పటంలో ఒక చెరువు కట్ట బలహీనంగా ఉందని రాస్తే ఎప్పుడు చూశామో లేకుండా ఆ మాటకు అర్థమే లేదు.

ఇప్పుడు బృందాలుగా కూర్చోండి. ఒక్కో బృందం ఒక్కో గొలుసు తీసుకోండి, అన్నిటికంటే పై చెరువు నుంచి మొదలుపెట్టి కిందికి రండి. షీట్ లింక్ మీ టీచర్ల దగ్గర ఉంది. కట్ట మీదికి వెళ్లేటప్పుడు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, మత్తడి దూకుతుంటే దగ్గరికి పోవద్దు. ఇక అడగండి, ఎక్కడ అర్థం కాలేదో అక్కడి నుంచే మొదలుపెడదాం.