ధర చూసే ముందు అమ్మేవాళ్లు ఏం లెక్కపెడుతున్నారో చూడండి

అందరికీ నమస్కారం. ముందు ఒక రాత్రి సంగతి చెప్తాను, ఆ తర్వాతే ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ లైసెన్స్ ధరల్లోకి వెళ్దాం.

నేను పనిచేసిన ఒక సంస్థలో నెలాఖరు రోజు రాత్రి 11 గంటల్లోపు జీతాల ఫైలు బ్యాంకుకి చేరాలి. ఆ రోజు సాయంత్రం మెయిన్ సర్వర్‌లో డిస్కు పోయింది. ఇలాంటి రోజు కోసమే కదా డీఆర్ సర్వర్, అంటే మెయిన్ పోతే వాడే స్టాండ్‌బై సర్వర్, పెట్టుకున్నాం అనుకుని దాన్ని ఆన్ చేశాం. ఆపరేటింగ్ సిస్టమ్ లేచింది, డేటాబేస్ లేచింది, ఫైల్ ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్ మాత్రం లేవలేదు. లాగ్ తెరిస్తే ఒకే ఒక్క లైను, ఈ హోస్ట్‌కి, అంటే ఈ మెషీన్‌కి, లైసెన్స్ చెల్లదని. మేం కొన్నది ఒక్క సర్వర్‌కే, ఆ లైసెన్స్ కీ పాత మెషీన్ పేరుతో, అంటే హోస్ట్‌నేమ్‌తో, ముడిపడి ఉంది. సపోర్ట్‌కి ఫోన్ చేస్తే, కొత్త కీ కావాలంటే సేల్స్ వాళ్లు ఓకే చెప్పాలి, వాళ్లు రేపు పొద్దున దొరుకుతారు అన్నారు. ఆ టెన్షన్‌లో ఫైలుని ఎన్‌క్రిప్ట్ చేసి, కమాండ్ చేత్తో టైప్ చేసి ఎస్‌ఎఫ్‌టీపీ అనే సురక్షిత పద్ధతిలో పంపించాం, గడువుకి 6 నిమిషాల ముందు. పని జరిపించింది ఉచితంగా దొరికే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్.

మరి అంత డబ్బు పోసి కొన్నది ఎందుకు? ఆ రాత్రి నుంచి నన్ను వదలని ప్రశ్న ఇది. ఫైలు ఒక చోటి నుంచి ఇంకో చోటికి పంపడం ఎప్పుడో తేలిపోయిన పని. ఫైళ్లు పంపే పాత పద్ధతి ఎఫ్‌టీపీ మొదటి స్పెసిఫికేషన్ 1971 ఏప్రిల్‌లో వచ్చింది, రాసింది అప్పట్లో ఎంఐటీలో ఉన్న అభయ్ భూషణ్. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 1999 నుంచి ఉంది. పంపడానికి మాత్రమే అయితే ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు.

మనం కొనేది ఆ చుట్టూ ఉన్న పని. అవతలివాళ్లు వారం తర్వాత ఫోన్ చేసి "మీ ఫైలు మాకు రాలేదు" అంటే, ఎన్ని గంటలకి వెళ్లింది, ఎవరి అకౌంట్‌తో వెళ్లింది, అటు పూర్తిగా చేరిందా అని చూపించే రికార్డు ఉండాలి. మధ్యలో లైన్ తెగితే ఎవరూ లేపకుండానే మళ్లీ మొదలవ్వాలి. కనెక్షన్ భద్రతకి వాడే సర్టిఫికెట్ గడువు ముగిసే ముందు ఎవరో ఒకరికి మెయిల్ వెళ్లాలి. లోపం బయటపడితే ప్యాచ్ ఇచ్చే దిక్కు ఉండాలి. ఇవన్నీ నిజంగా విలువైన పనులే, వీటికి డబ్బు ఇవ్వడం దండగని నేను అనను. కానీ ఆ డబ్బు దేన్ని లెక్కపెట్టి అడుగుతున్నారు, నేను మాట్లాడాలనుకున్నది అదొక్కటే.

ఒకరు సర్వర్లు లెక్కపెడతారు, ఒకరు ప్రాసెసర్‌లోని కోర్లు, ఇంకొకరు యూజర్లు, ఇంకొకరు ట్రేడింగ్ పార్ట్‌నర్లు, అంటే మీరు ఫైళ్లు మార్చుకునే అవతలి సంస్థలు. బ్యాండ్‌విడ్త్ లెక్క, అంటే పంపే వేగం లెక్క ఉంది, జీబీ లెక్క ఉంది, గంట లెక్క కూడా ఉంది. కొటేషన్‌లో అందరం ముందు చూసేది అడుగున ఉన్న మొత్తం, నేనూ చాలా ఏళ్లు అలాగే చూశాను. చూడాల్సింది మాత్రం మీ పని ఏ వైపు పెరుగుతుందో, మీటర్ కూడా అదే వైపు తిరుగుతోందా అన్నది. మీ దగ్గర పార్ట్‌నర్లు నెలకి పది మంది చేరుతుంటే పార్ట్‌నర్ లెక్కన కొన్న లైసెన్స్ రెండో ఏడాదికే మెడకి చుట్టుకుంటుంది. పదేళ్లుగా అవే నాలుగు బ్యాంకులతో పెద్ద పెద్ద ఫైళ్లు మార్చుకునేవాళ్లకి అదే లైసెన్స్ హాయిగా సరిపోతుంది, వాళ్లు భయపడాల్సింది జీబీ లెక్కకి.

అసలు పార్ట్‌నర్ అంటే ఎవరు? ఒకే బ్యాంకుకి టెస్ట్ కనెక్షన్ ఒకటి, ప్రొడక్షన్‌కి ఒకటి, వేరే విభాగానికి ఇంకొకటి ఉంటే అది ఒకటా, మూడా? ఒప్పందంలో నిర్వచనాల పేజీ అని ఒకటి ఉంటుంది, ఎవరూ చదవరు, ధర మొత్తం అక్కడే ఉంటుంది. కోర్ల లెక్కలోనూ ఇదే గొడవ. ఉదాహరణకి ఐబీఎమ్ ప్రాసెసర్ లెక్కన అమ్మే ఉత్పత్తులకి, పెద్ద సర్వర్‌లో విడగొట్టుకున్న మీ వర్చువల్ మెషీన్‌కి ఇచ్చిన కోర్లకి మాత్రమే కట్టే వీలు ఉంది, కానీ సాధారణంగా దానికి వాడకాన్ని కొలిచే వాళ్ల ఐఎల్‌ఎమ్‌టీ అనే టూల్ పెట్టి రిపోర్టులు దాచి ఉంచాలి. అది చేయకపోతే కింద ఉన్న ఫిజికల్ సర్వర్ మొత్తం కోర్లకి లెక్క కట్టొచ్చు. 4 కోర్లు వాడినవాళ్లు 64 కోర్లకి సమాధానం చెప్పుకోవాల్సిన పరిస్థితి అది, అదీ ఆడిట్ వచ్చిన రోజు తెలుస్తుంది.

బ్యాండ్‌విడ్త్ లెక్క వెనక ఒక మంచి కారణం ఉంది. ఇంటర్నెట్‌లో మామూలుగా డేటా పంపే పద్ధతి టీసీపీ. అందులో విండో, అంటే జవాబు రాకముందు ఒకేసారి పంపగలిగేది, 64 కేబీ దగ్గర ఆగిపోయి, రౌండ్ ట్రిప్‌కి, అంటే వెళ్లి జవాబు తిరిగి రావడానికి, 100 మిల్లీసెకన్లు పడుతుంటే, మీ లైన్ ఎంత పెద్దదైనా ఒక కనెక్షన్‌కి దక్కేది సుమారు 5 ఎంబీపీఎస్. ఆ విండోని పెద్దది చేసే విండో స్కేలింగ్ దీన్ని చాలావరకు సరిచేస్తుంది, కానీ దూరం ఎక్కువై ప్యాకెట్లు పోతుంటే వేగం మళ్లీ పడిపోతుంది. అందుకే అస్పెరా లాంటి ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్లు, జవాబు కోసం ఆగని యూడీపీ మీద సొంత పద్ధతి కట్టుకున్నాయి, లైన్ నిండా పంపడమే అవి అమ్మే సరుకు కాబట్టి వేగాన్ని బట్టి లైసెన్స్ ఇచ్చాయి. ఖండాలు దాటించి వీడియో పంపేవాళ్లకి ఇది గిట్టుబాటు. రోజుకి 200 ఎంబీ పంపేవాళ్లకి ఎందుకు?

ఇక క్లౌడ్. వాడినంతే కడతాం అన్న మాట అందరం నమ్ముతాం, కాగితం మీద ఒకసారి వేసి చూద్దాం. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు పంపే సేవ ట్రాన్స్‌ఫర్ ఫ్యామిలీలో, అమెరికా తూర్పు రీజియన్ ధర ప్రకారం, ఎస్‌ఎఫ్‌టీపీ లాంటి ఒక్కో ప్రోటోకాల్‌కి గంటకి 0.30 డాలర్లు. 24 గంటలు, 30 రోజులు వేస్తే 216 డాలర్లు, ఒక్క ఫైలు కదలకపోయినా సరే. ఎవరో ఒక పార్ట్‌నర్ కోసం ఎఫ్‌టీపీఎస్ అనే ఇంకో ప్రోటోకాల్ కూడా ఆన్ చేస్తే 432. ఆ పైన వెళ్లినా వచ్చినా జీబీకి 0.04, అంటే 1,000 జీబీకి 40 డాలర్లు. తక్కువ ఫైళ్లు పంపేవాళ్లు కట్టేది దాదాపు అంతా గంటల డబ్బే. ఇంకో సంగతి, సర్వర్‌ని స్టాప్ చేస్తే బిల్లు ఆగదు, డిలీట్ చేస్తేనే ఆగుతుంది. వాళ్ల డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది, అయినా టెస్ట్ కోసం పెట్టి స్టాప్ చేసి మర్చిపోయిన సర్వర్లని నేను చాలాసార్లు చూశాను. ఇవాళ ఆఫీసుకి వెళ్లగానే మీది చూసుకోండి.

సొంతంగా కొన్నవాళ్లకి మెయింటెనెన్స్, అంటే సపోర్ట్‌కీ ప్యాచ్‌లకీ ఏటా కట్టేది, ఉంటుంది, సాధారణంగా లైసెన్స్ ధరలో ఏడాదికి 20 శాతం దగ్గర. దేని మీద 20 శాతం? జాబితా ధర 100 అనుకుందాం, 40 శాతం డిస్కౌంట్ ఇచ్చారని సంతోషంగా 60కి కొన్నారు. మెయింటెనెన్స్ జాబితా ధర మీద అని రాసి ఉంటే ఏటా 20 కడతారు, అంటే మీరు పెట్టినదాంట్లో మూడో వంతు. మూడేళ్లలో ఇంకోసారి కొన్నట్టే. ఏటా ఎంత శాతం వరకు పెంచొచ్చో కూడా కొనే రోజే రాయించుకోండి, సంతకం అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

అలాగని మెయింటెనెన్స్ ఆపేయమని మాత్రం నేను చెప్పను, ఇది గట్టిగా అంటున్నాను. ఈ రకం సర్వర్ ఇంటర్నెట్‌కి ఎదురుగా కూర్చుని ఉంటుంది, లోపల మీ అందరి రహస్యాలూ ఉంటాయి. 2020 డిసెంబర్‌లో అక్సెలియన్ కంపెనీ పాత ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఉత్పత్తి ఎఫ్‌టీఏ మీద దాడి జరిగింది, అది అప్పటికే 20 ఏళ్ల ఉత్పత్తి, సపోర్ట్ ముగియబోతోంది. 2023 మే 31న మూవ్‌ఇట్ ట్రాన్స్‌ఫర్ అనే ఇంకో ఉత్పత్తిలో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ లోపం, అంటే బయటివాళ్లు డేటాబేస్‌కి సొంత కమాండ్లు ఇవ్వగలిగే లోపం బయటపడింది, క్లాప్ అనే హ్యాకర్ల ముఠా అప్పటికే దాన్ని వాడుకుని డేటా తీసుకుపోయింది, దెబ్బతిన్న సంస్థలు 2,000 పైనే. అలాంటి రోజున ప్యాచ్ డౌన్‌లోడ్ చేద్దామని లాగిన్ అయితే "మీ సబ్‌స్క్రిప్షన్ ముగిసింది" అని కనిపిస్తే ఏం చేస్తారు? తీవ్రమైన సెక్యూరిటీ ప్యాచ్‌లు రెన్యువల్‌తో సంబంధం లేకుండా ఇవ్వాలని అడగండి. కొందరు ఒప్పుకోరు, అడిగితేనే ఆ విషయం మీకు తెలుస్తుంది.

మేం ఆ రాత్రి తర్వాత వచ్చిన రెన్యువల్‌లో డిస్కౌంట్ గురించి పెద్దగా వాదించలేదు. ఒక పేరా అడిగాం. ఆపి ఉంచిన డీఆర్ సర్వర్‌కి వేరే లైసెన్స్ అక్కర్లేదని, మెయిన్ సర్వర్ పోతే 30 రోజుల వరకు దాన్ని నడపొచ్చని, ఏడాదికి రెండుసార్లు డ్రిల్ చేసుకోవచ్చని, రెండో హోస్ట్‌నేమ్‌కి కూడా కీ ముందే ఇచ్చి ఉంచాలని. వాళ్ల క్వార్టర్, అంటే మూడు నెలల అమ్మకాల లెక్క, ముగియడానికి మూడు వారాల ముందు అడిగాం, రెండు రోజుల్లో ఒప్పుకున్నారు, ఒక్క రూపాయి కూడా పెరగలేదు. మొదట కొన్నప్పుడే అడిగి ఉంటే అప్పుడే ఇచ్చేవాళ్లు, అడగాలని మాకు తెలియలేదు.

నాది అయిపోయింది, ఇక మీ ప్రశ్నలు. కొటేషన్ వెంట తెచ్చుకున్నవాళ్లు ముందు వరుసలోకి రండి, నిర్వచనాల పేజీ తెరిచి కలిసి చదువుదాం.