మన గల్లీకి ఎండ ఏ వేళకు దిగుతుంది?

అందరికీ నమస్కారం. సంక్రాంతి పనులు ముంగిట ఉన్నా, ఆదివారం సాయంత్రం కెమెరాలూ ఫోన్లూ పట్టుకొని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషం.

హైదరాబాద్‌లో కొత్తగా కెమెరా కొన్నవాళ్లు మొదట ఎక్కడికి వెళ్తారో మనందరికీ తెలుసు. చార్మినార్, గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు, ట్యాంక్‌బండ్. నాలుగు ఆదివారాలు గడుస్తాయి. అయిదో ఆదివారానికి కెమెరా అల్మారాలోకి చేరుతుంది. ఎందుకండీ అంటే, "మా కాలనీలో తీయడానికి ఏముంది?" అంటారు. గోల్కొండకు మనం నీరెండ చూసుకొని, అలారం పెట్టుకొని వెళ్తాం. మన ఇంటి గేటునేమో ఆఫీసుకు పరుగెత్తే తొమ్మిదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఇంకోసారి చూస్తాం. గోల్కొండను కూడా ఆ రెండు వేళల్లోనే చూసి ఉంటే అది కూడా మనకు నచ్చేది కాదు. అందుకని ఈ పూట నేను చెప్పేదంతా ఇంటి దగ్గర వెలుగు ఎప్పుడు, ఎక్కడికి, ఎంతసేపు వస్తుందో లెక్క కట్టుకోవడం గురించే.

మొదటి పని: ఫోన్‌లో దిక్సూచి తెరిచి మీ వీధి ఏ దిక్కుగా పోతోందో చూడండి. మన కాలనీల్లో మామూలుగా కనిపించే కొలతలే తీసుకుందాం. రోడ్డు 20 అడుగులు, రెండు పక్కలా రెండంతస్తులు లేచిన ఇళ్లు, ఎత్తు సుమారు 30 అడుగులు. వీధి ఉత్తర దక్షిణాలుగా ఉంటే, ఈ జనవరిలో పొద్దున పదిన్నర దాకా తూర్పు వైపు ఇళ్ల నీడ రోడ్డంతా కప్పేసి ఉంటుంది. పదిన్నరకు పడమటి ఇళ్ల గడప దగ్గర ఎండ నేలకు దిగుతుంది, అక్కడి నుంచి రోడ్డు మీదుగా జరుగుతుంది, మధ్యాహ్నం రెండు దాటాక తూర్పు వైపు గోడలెక్కి వెళ్లిపోతుంది. అంటే పొద్దున్నే లేచి ఆ వీధిలో ఎండ కోసం చూస్తే దొరకదు. అక్కడ నీడలు పొడుగ్గా కావాలంటే నడి మధ్యాహ్నమే వెళ్లాలి. జనవరిలో మనకు నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తు దాకానే వస్తాడు కనుక ఆ వేళ ఎండ కూడా ఏటవాలుగానే ఉంటుంది.

వీధి తూర్పు పడమరలుగా ఉంటే కథ వేరు. చలికాలంలో దక్షిణం వైపు ఇళ్ల నీడ నడి మధ్యాహ్నం కూడా 25 అడుగులు పడుతుంది. రోడ్డు 20 అడుగులే. కాబట్టి ఖాళీ ప్లాటో, సందో ఉన్నచోట తప్ప ఈ నెలల్లో నేల మీద ఎండే పడదు. చాలామంది ఇక్కడ విసుగెత్తి వెళ్లిపోతారు. నన్నడిగితే మనిషి ముఖం తీయడానికి ఊళ్లో ఇంతకంటే మంచి చోటు లేదు. ఎదురుగా దక్షిణ ముఖంగా ఉన్న ఇళ్ల పై గోడ మీద ఎండ పడుతుంది కదా, ఆ గోడ వీధి పొడవునా పరిచిన తెల్ల దుప్పటిలాగా వెలుగును కిందికి తిప్పి పంపుతుంది. కుర్చీ వేసుకొని ఆ గోడ వైపు తిరిగి కూర్చున్న పెద్దాయన ముఖంలో ప్రతి గీతా కనిపిస్తుంది, కళ్లు మాత్రం చికిలించరు. ఒక జాగ్రత్త: గోడ రంగు ముఖం మీదికి వస్తుంది. పసుపు, క్రీము రంగు గోడలైతే ఇబ్బంది లేదు. చిలకపచ్చ గోడ ఎదురుగా ఉంటే ముఖం జబ్బు మనిషిలా కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో కూడా అది పూర్తిగా పోదు. నాలుగు ఇళ్లు అవతలికి జరగండి.

ఇదే తూర్పు పడమర వీధి మార్చి 20 చుట్టుపక్కల, మళ్లీ సెప్టెంబర్ 22 చుట్టుపక్కల మారిపోతుంది. ఆ వారాల్లో సూర్యుడు సరిగ్గా వీధి చివర లేస్తాడు, ఇంకో చివర అస్తమిస్తాడు. పాల ప్యాకెట్ల సైకిలు, బడి పిల్లలు, కుక్కలు, ఏది నడిచినా వెనక నుంచి వెలుగు పడి అంచు మెరుస్తుంది. పది పన్నెండు రోజుల భాగ్యం అది. క్యాలెండర్‌లో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

బాల్కనీలకూ ఇదే లెక్క. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9న, ఆగస్టు 3న నడి మధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన సీసాకు నీడ ఉండదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. అందుకే దక్షిణం బాల్కనీలో వేసవిలో పగలు ఎండ లోపలికి రాదు, డిసెంబర్, జనవరుల్లో గది మధ్య దాకా వస్తుంది. ఉత్తరం కిటికీలో మాత్రం ఏడాదిలో ఎక్కువ భాగం ఎండ పడని, నిలకడైన వెలుగు ఉంటుంది. వస్తువులు తీయడానికి ఆ కిటికీనే నమ్ముకోవచ్చు.

ఇక ముగ్గు. ధనుర్మాసం కనుక దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ముగ్గును పైనుంచి, నీడలో తీస్తే గీతల బొమ్మ వస్తుంది. ఏటవాలు ఎండలో తీస్తే పిండి కనిపిస్తుంది. వేళ్ల సందులోంచి జారిన పిండి గీత, ఒత్తుగా వేసినచోట, మూడు మిల్లీమీటర్ల ఎత్తుంటుందనుకోండి. ఈ రోజుల్లో సూర్యోదయం 6:45 దాటాక అవుతోంది. 7:40కి సూర్యుడు 10 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు ఆ గీత నీడ 17 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పంత. గీత ఎక్కడ మొదలైందో, ఎక్కడ చెయ్యి ఆగి మళ్లీ పిండి తీసుకుందో, మెలిక తిరిగేచోట పిండి ఎలా కుప్ప పడిందో అన్నీ తెలుస్తాయి. 9:30కి ఆ నీడ అయిదు మిల్లీమీటర్ల లోపుకు వచ్చేస్తుంది. ఈలోగా స్కూటర్లు ఎలాగూ వెళ్లిపోతాయి. కాబట్టి ముందురోజే తిరిగి, తూర్పున ఖాళీ ప్లాటో, పార్కో, పొట్టి ప్రహరీయో ఉన్న వాకిలిని ఎంచుకోండి. ఆ వేళకు ఎండ నేలను తాకేది అలాంటిచోటే.

తప్పులు మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, కళ్ళాపి చల్లిన తడి నేల ఆకాశాన్ని అద్దంలా చూపిస్తుంది, ముగ్గు దాంట్లో కలిసిపోతుంది. నేల ఆరేదాకా ఆగండి, లేదా మెరుపు కనబడని పక్కకు తిరగండి. రెండోది, నల్లటి నేల ఎక్కువ, తెల్లటి గీత తక్కువ కావడంతో కెమెరా మొత్తాన్ని వెలిగించేస్తుంది, గీతలు పాలిపోయి పిండి రవ్వ కనిపించదు. ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా పట్టే వెలుగును, ఒక స్టాప్ దాకా, అంటే సగానికి, తగ్గించండి. ఫోన్‌లో అయితే ముగ్గు మీద వేలు నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. మూడోది, చుక్కల ముగ్గు మొత్తం రావాలని నిలబడినచోటి నుంచే ఫోన్ వంచితే గుండ్రాలు కోడిగుడ్లవుతాయి. చుక్కల వరసలు ఉన్నాయి కాబట్టి ఆ వంకర వెంటనే పట్టుబడుతుంది. స్టూలెక్కి గానీ మొదటి అంతస్తు పిట్టగోడ మీంచి గానీ ఫోన్‌ను నేలకు సమాంతరంగా పట్టి తీయండి. మీ నీడ ముగ్గులో పడకుండా సూర్యుడికి ఎదురుగా నిలబడండి. ముగ్గు వేసిన అమ్మను ముందే అడగడం మాత్రం మరవకండి. అడిగితే రేపు ఏ ముగ్గు వేస్తారో కూడా చెబుతారు.

ఇంట్లోకి వద్దాం. ఇప్పటిదాకా నిలిచి ఉన్న ఫొటోల్లో, కెమెరాతో తీసినవాటిలో, అన్నిటికంటే పాతది ఇంటి కిటికీలోంచి తీసిందే. ఫ్రాన్స్‌లో నియెప్స్ అనే ఆయన 1826-27 ప్రాంతంలో తన ఇంటి పై కిటికీలోంచి తీశాడు. గంటల తరబడి వెలుగు పట్టాల్సి రావడంతో, ఈలోగా సూర్యుడు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు వెళ్లిపోయి, ఎదురెదురు గోడలు రెంటి మీదా ఎండ పడినట్టు కనిపిస్తుంది. ప్రాగ్ నగరంలో యోసెఫ్ సుడెక్ 1940 నుంచి 1954 దాకా తన స్టూడియో కిటికీని మళ్లీ మళ్లీ తీశాడు. ఆయనకు మొదటి ప్రపంచయుద్ధంలో కుడి చెయ్యి పోయింది. ఒక్క చేత్తో పెద్ద కెమెరా నడిపిస్తూ, అద్దం మీద తేమ, మంచు, వెనకాల చెట్టు, గట్టు మీద గ్లాసు, వీటితోనే ఏళ్లు గడిపాడు.

మీ కిటికీ దగ్గర స్టీలు చెంబుతో మొదలుపెట్టండి. వంటింట్లో ఇంత కష్టమైన వస్తువు ఇంకోటి లేదు, అందుకే ఇంత నేర్పేది కూడా లేదు. ముందు ట్యూబ్‌లైటు ఆపేయండి. రెండు రంగుల వెలుగులు కలిస్తే చెంబు ఒక పక్క నీలంగా, ఒక పక్క పచ్చగా వస్తుంది. చెంబును కిటికీకి రెండడుగుల దూరంలో, వెలుగు పక్క నుంచి పడేలా పెట్టండి. ఇప్పుడు చూస్తే చెంబు పొట్ట మీద కిటికీ ఊచలు, గ్యాస్ బండ, మీరు, మీ చేతిలో ఫోన్, అన్నీ కనిపిస్తాయి. మెరుపును తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ లెన్స్‌కు పెడితే పోతుందని కొందరు కొంటారు. తడి ఆకు మీద, గాజు మీద అది పనిచేస్తుంది, లోహం మీద పనిచేయదు. దీనికి మందు తెల్ల పంచె. కిటికీకి, చెంబుకి మధ్య పంచెను ముడతల్లేకుండా వేలాడదీయండి. ఊచల గీతలు మాయమై, చెంబు ఒంపు పొడవునా ఒక్క తెల్లటి పట్టీ మెత్తగా దిగుతుంది. రెండో పక్క చీకటిగా ఉంటే తెల్ల చార్టు నిలబెట్టండి. అంచు తేలడం లేదంటే అదే చోట నల్ల చార్టు పెట్టండి, స్టీలు మీద సన్నటి నల్లగీత వచ్చి ఆకారం నిలబడుతుంది. ఇక మీరు. వెనక్కి జరిగి ఫోన్‌లో రెండు రెట్ల జూమ్ వాడండి, చెంబులో మీ బొమ్మ చిన్నదైపోతుంది. పైగా ఫోన్‌ను మరీ దగ్గరికి తెస్తే చాలా ఫోన్లు తమంతట తామే వెడల్పు లెన్స్‌కు మారిపోతాయి, చెంబు మూతి బుడగలా ఉబ్బుతుంది.

కెమెరా ఉన్నవాళ్లు ఇక్కడ చేసే పొరపాటు అపర్చర్‌ది, అంటే వెలుగు లోపలికి వచ్చే లెన్స్ రంధ్రానిది. 50 మిల్లీమీటర్ల లెన్స్ పెట్టి, ఎఫ్/1.8 దగ్గర, అంటే ఆ రంధ్రం బాగా తెరిచి, మీటరు దూరం నుంచి తీస్తే, ఏపీఎస్‌సీ సెన్సర్ (చాలా మామూలు కెమెరాల్లో ఉండే, వెలుగును పట్టే పలక) మీద స్పష్టంగా వచ్చే మందం మూడు సెంటీమీటర్ల లోపే. చెంబు మూతి స్పష్టంగా ఉంటే పొట్ట మసకవుతుంది. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/8కి వెళ్తే ఆ మందం 12 సెంటీమీటర్లు దాటుతుంది, చెంబంతా సరిపోతుంది. దాంతో షట్టర్, అంటే వెలుగును లోపలికి వదిలే తలుపు, ఎక్కువసేపు తెరిచి ఉంటుంది కాబట్టి ట్రైపాడ్ కావాలి, అది లేకపోతే బియ్యం నింపిన చిన్న సంచి మీద కెమెరా ఆనించి టైమర్ పెట్టండి.

రాత్రి ఇంటి దీపాల్లో తీసేటప్పుడు ఫొటో అంతా అడ్డచారలు వస్తే ఫోన్ పాడైందని కంగారు పడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది, దీపం సెకనుకు వందసార్లు మినుకుతుంది. షట్టర్ సెకనులో 1/100 వంతు గానీ 1/50 వంతు గానీ పెట్టండి, చాలా దీపాలకు చారలు పోతాయి.

వీధి చివర టిఫిన్ బండి దగ్గరికి వెళ్దాం. అక్కడ ఫొటో ఆవిరిది. ఇడ్లీ పాత్ర మూత ఎత్తాక మూడు నాలుగు సెకన్లే ఆవిరి గుప్పున లేస్తుంది, చలికాలంలో ఇంకాస్త దట్టంగా. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే ఆవిరి కనిపించదు. సూర్యుడు ఆవిరికి అవతల ఉండాలి, దాని వెనకాల చెట్టు మానో, మూసిన దుకాణం షట్టరో, నీడగా ఏదో ఒకటి ఉండాలి. రెండడుగులు పక్కకు జరిగి, ఎండ నేరుగా లెన్స్‌లోకి రాకుండా చూసుకోండి. ఆవిరి లేచాక ఫోకస్ కోసం వెతికితే కెమెరా తడబడుతుంది. మూత పిడి మీద ముందే ఫోకస్ చేసి లాక్ చేయండి, షట్టర్ 1/250, ఎక్స్‌పోజర్ కొంచెం తక్కువ, మూత కదలగానే వరసగా పది పన్నెండు ఫొటోలు. దోసె పెనానికి మాత్రం దూరంగా ఉండండి. నూనె తుంపర లెన్స్ మీద పడితే, ఆ తర్వాత తీసిన ప్రతి దీపం చుట్టూ మసక వలయం వస్తుంది. నడిచే మనిషికీ 1/250 చాలు, గాలిపటం కోసం డాబా మీద పరుగెత్తే పిల్లలకు 1/500, పావురాలు లేస్తే 1/1000.

అడగడం గురించి ఒక్క మాట. "అన్నా, ఒక ఫోటో తీస్కోనా?" అంటే కాదనేవాళ్లు తక్కువ. పాతబస్తీ వైపైతే "భాయ్, ఏక్ ఫోటో లేలూఁ?" అనండి. వద్దంటే సరేనని కెమెరా దించేయండి. పిల్లలను తీసేముందు ఇంటివాళ్లను అడగాలి. ఫొటో బాగా వస్తే ప్రింటు తీసి వాళ్ల చేతికివ్వండి. సికింద్రాబాద్‌లో సైనిక ప్రాంతాలకు ఆనుకొని ఉండేవాళ్లు బోర్డులు చూసుకొని మసలుకోండి.

వానాకాలంలో ఏసీ గదిలోంచి బయటికి రాగానే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. గదిలోనే కెమెరాను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించి తెచ్చి, బయట పావుగంట ఉంచాక తెరవండి. తుడిస్తే మళ్లీ పడుతుంది.

చివరగా పుస్తకం. ఫోన్‌లో కాదు, నోట్‌బుక్ ఒకటి కొనండి. ఇంటి నుంచి అయిదు నిమిషాల నడకలో పది చోట్లు రాసుకోండి: గేటు, వాటర్ ట్యాంకు నీడ పడే డాబా మూల, ఇస్త్రీ బండి, మెట్ల మలుపు, కాలనీ మధ్యలో మిగిలిన రాతిగుండు. ఒక్కోదాని పక్కన తేదీ, ఎండ ఎప్పుడు తాకింది, ఎప్పుడు వదిలింది, ఏ వైపు నుంచి వచ్చింది అని రాయండి. నెలకొక్కసారి చాలు. మూడో నెలకు మీరు కెమెరా పట్టుకొని తిరగడం మానేసి, నేరుగా ఆ మూలకు ఆ నిమిషానికి వెళ్తారు.

ఈ బల్ల మీద రెండు చెంబులు, ఒక పంచె, తెల్ల చార్టు, నల్ల చార్టు పెట్టాం. ఈ హాలు పడమటి కిటికీలో ఎండ ఇంకో అరగంట ఉంటుంది. ముందు వరసలో ఉన్నవాళ్లు ఇద్దరు పంచె పట్టుకోండి, మిగతావాళ్లు ఇటు రండి. ఎవరైనా ఆ ట్యూబ్‌లైట్లు కాస్త ఆపుతారా?