చైన్ సా పట్టుకునే ముందు: బార్ ముక్కు మీద కన్నుంచండి

[తెర మీద: బల్ల మీద ఆపి ఉన్న చైన్ సా. బార్ చివరి భాగం దగ్గరగా.]

నమస్కారం. చైన్ చుట్టూ తిరిగే ఈ పొడవాటి పట్టీనే బార్ అంటారు. గుండ్రంగా ఉన్న దీని చివర, అంటే ముక్కులో, పై సగానికి ఎర్ర రంగు వేశాను, చూడండి. ఈ వీడియోలో మిగతావన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు గానీ, ఇది మాత్రం మర్చిపోవద్దు. మిషన్ నడుస్తున్నప్పుడు ఈ ఎర్ర భాగం దేనికీ తగలకూడదు.

ఎందుకో చెప్తాను. చైన్ బార్ పైవైపున మన నుంచి ముందుకు పోతుంది, ముక్కు దగ్గర కిందికి తిరుగుతుంది, అడుగువైపు నుంచి మన దగ్గరికి వస్తుంది. ముక్కు పైమూలన ఒక పన్ను కట్టెలో గట్టిగా దిగి ఆగిందనుకోండి. చైన్‌కి ముందుకు పోయే దారి లేదు కాబట్టి ఆ బలమంతా బార్‌ను పైకి, వెనక్కి విసురుతుంది. అంటే మన ముఖం, మెడ వైపు. దీన్నే కిక్‌బ్యాక్ అంటారు. పెట్రోలు మిషన్ పూర్తి వేగంలో ఉంటే చైన్ సెకనుకు సుమారు 20 మీటర్లు పరుగెత్తుతుంది, గంటకు 72 కిలోమీటర్లన్నమాట. మీరు చూసి చెయ్యి తీసేంత సమయం ఉండదు.

ఇది ఎక్కువగా జరిగేది పెద్ద మానుల దగ్గర కాదు, కొమ్మలు నరికేటప్పుడు. మన చూపంతా కోస్తున్న కొమ్మ మీదే ఉంటుంది, దాని వెనకాల ఆకుల్లో దాగిన ఇంకో కొమ్మకు ముక్కు తగులుతుంది. నాకూ ఒకసారి అలాగే అయింది. బ్రేక్ పడి చైన్ ఆగింది కాబట్టి బతికిపోయాను. అప్పటినుంచి కోత మొదలుపెట్టే ముందు ముక్కు ఎక్కడికి చేరుతుందో చూడనిదే ట్రిగ్గర్ నొక్కను.

[తెర మీద: రెండు చేతుల పట్టు. ఎడమ బొటనవేలు దగ్గరగా.]

పట్టు కూడా అంతే ముఖ్యం. కుడిచెయ్యి వెనక హ్యాండిల్ మీద, ఎడమచెయ్యి ముందు హ్యాండిల్ మీద. ఎడమ బొటనవేలు హ్యాండిల్ కిందినుంచి చుట్టి పట్టాలి. చాలామంది బొటనవేలిని మిగతా వేళ్ళతోపాటు పైనే పెట్టేస్తారు. అలా పట్టుకుంటే మిషన్ ఎగిరినప్పుడు చెయ్యి జారిపోతుంది. ఎడమవాటం వాళ్ళు కూడా ఇలాగే పట్టుకోవాలి. మిషన్‌కు ఎదురుగా కాకుండా, బార్ గీసే గీతకు కాస్త ఎడమపక్కన నిలబడండి. భుజం కన్నా ఎత్తులో కోయొద్దు. నిచ్చెనెక్కి అసలే వద్దు.

ముందు హ్యాండిల్ ఎదురుగా ఉన్న ఈ గార్డే చైన్ బ్రేక్. ముందుకు తోస్తే పడుతుంది. పని మొదలుపెట్టేముందు రోజూ పరీక్షించండి: మిషన్‌ను నేలమీద కదలకుండా పట్టుకుని, చైన్ తిరుగుతుండగా ఎడమ మణికట్టుతో గార్డ్‌ను తోయండి. చైన్ వెంటనే ఆగాలి. ఆగకపోతే ఆ రోజు కోత లేదు, రిపేరుకు ఇవ్వండి. ట్రిగ్గర్ వదిలేశాక కూడా చైన్ తిరుగుతూనే ఉంటే అదీ వాడకూడని మిషనే.

స్టార్ట్ చేసేటప్పుడు బ్రేక్ వేసే ఉంచండి. మిషన్‌ను నేలమీద పెట్టి, వెనక హ్యాండిల్‌లో కుడి బూటు ముందుభాగం ఉంచి, ఎడమచేత్తో ముందు హ్యాండిల్ అదిమిపట్టి, కుడిచేత్తో తాడు లాగండి. గాల్లో ఊపుతూ తాడు లాగేవాళ్ళను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది. పెట్రోలు పోసిన చోటే స్టార్ట్ చేయొద్దు. కనీసం 3 మీటర్లు దూరం జరగండి.

హెల్మెట్, ముఖానికి జాలీ, చెవులకు మఫ్, గ్లవ్స్, గట్టి బూట్లు తప్పనిసరి. కాళ్ళకు మాత్రం జీన్స్ సరిపోదు. కోత రక్షణ ప్యాంటులో పొడవాటి దారాల పొరలుంటాయి. చైన్ తగిలితే ఆ దారాలు బయటికొచ్చి పళ్ళచక్రంలో చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి.

[తెర మీద: రెండు దిమ్మెల మీద ఆనిన దుంగ. పై, కింది వైపులు బాణాలతో.]

ఇప్పుడు దుంగ కోద్దాం. రెండు చివర్లా ఆనివుంటే నడుము కిందికి వంగుతుంది. పైవైపు నొక్కుకుపోయి ఉంటుంది, కిందివైపు లాక్కుని ఉంటుంది. పైనుంచే కోసుకుంటూ పోతే కోత మూసుకుపోయి బార్ ఇరుక్కుంటుంది. అందుకే ముందు నొక్కుకున్న పైవైపున మూడోవంతు దాకా కోసి, మిగతాది కిందినుంచి పూర్తి చేయండి. ఒక చివరే ఆనివుంటే తలకిందులు: ముందు కింద మూడోవంతు, తర్వాత పైనుంచి. కిందినుంచి కోసేటప్పుడు చైన్ మిషన్‌ను మీ మీదికే తోస్తుంది, కాళ్ళు గట్టిగా నిలదొక్కుకోండి. గాలివానకు వంగి బిగుసుకున్న కొమ్మలు విల్లులా ఎగిరి కొడతాయి. కొత్తవాళ్ళు వాటి జోలికి పోవద్దు. నిలబడి ఉన్న చెట్టును కూల్చడం కూడా అనుభవజ్ఞుల పక్కన ఉండి నేర్చుకోవాల్సిన పనే. వీడియో చూసి చేసేది కాదు.

పొట్టు వైపు కూడా ఓ కన్నేయండి. పెద్ద పెద్ద పెచ్చులు రాలుతుంటే చైన్ పదునుగా ఉంది. పిండిలా రాలుతుంటే మొద్దుబారింది. అప్పుడు చేత్తో అదమడం మొదలుపెడతాం, అలసిపోతాం, ముక్కు అదుపు తప్పుతుంది. అక్కడే ఆపి ఆకురాయి అందుకోండి. ఇంజిన్ ఆపేశాక కూడా ఆ పళ్ళు చర్మం చీలుస్తాయి కాబట్టి గ్లవ్స్ తీయకుండానే బార్‌కు కవర్ తొడగండి.